వెనక బ్రేకు

నందికొట్కూరు
12 ఆగస్టు 2008

చిరంజీవి నాగసుబ్బయ్యకు మీ బావ వేణుగోపాల్ ఆశీస్సులు.

ఇక్కడ వాన లేదు. పొద్దున విత్తనాల అంగడి తెరుస్తున్నాను, సాయంత్రం మూస్తున్నాను. మధ్యలో ఎవరో ఒక రైతు వచ్చి, వాననంతా నేనే గోతంలో కట్టి దాచినట్టు నా ముఖం చూసి పోతాడు. మీ అక్క రాజ్యలక్ష్మి మోకాళ్ల నొప్పి తప్ప బాగానే ఉంది. మా అమ్మాయి హిమబిందు కర్నూలు హాస్టల్లో ఉండి బి.ఎడ్. చదువుతోంది. ఆదివారం వస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

అసలు సంగతి. ఏటా నేను పోయే సైకిల్ యాత్ర ఈసారి కాస్త పెద్దది. కార్తీకం రద్దీ అయిపోయాక, డిసెంబరు మొదట్లో బయల్దేరి ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం ఎక్కి దిగి, మార్కాపురం, గిద్దలూరు, పోరుమామిళ్ల, బద్వేలు మీదుగా కడపకు వస్తాను. అంటే మీ ఇంటికే. ఎనిమిది రోజుల దారి. పాత సైకిల్ ఇక లాగలేదు. నీ సైకిల్ అంగట్లో గేర్ల సైకిల్ కట్టిస్తానని రెండేళ్లుగా అంటున్నావు కదా, ఇప్పుడు కట్టు. నాకు కావలసింది ఒకటే: డిస్కు బ్రేకులు.

మొన్న బెంగళూరు ఇంజనీర్లు నలుగురు సైకిళ్ల మీద శ్రీశైలం పోతూ మా అంగడి ముందు నీళ్లకు ఆగారు. వాళ్ల చక్రాలకు ఇరుసు దగ్గర పళ్లెం లాంటి ఇనుప బిళ్ల ఉంది. బ్రేకు ఆ బిళ్లను పట్టి ఆపుతుంది. నేను ఎక్కి చూశాను. లివరు మీద రెండు వేళ్లు ఆనించానో లేదో, చక్రం ఆగింది. రిమ్మును రబ్బరుతో నొక్కే మామూలు బ్రేకు నాకు వద్దు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. అంగట్లో ఫోను పదిమంది వింటారు, సెల్లు మీ అక్క చేతిలో ఉంటుంది. ఇలాంటివి రాసుకుంటేనే బాగుంటుంది. బ్రేకు ఎలా ఉండాలో వెనకవైపు బొమ్మ వేశాను. నవ్వొద్దు.

మీ బావ
వేణుగోపాల్


కడప
20 ఆగస్టు 2008

వేణు బావకు నాగసుబ్బయ్య నమస్కారాలు.

నీ బొమ్మ చూసి మా ఇంటిది లక్ష్మీదేవి అప్పడం అనుకుంది. నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు, అంగడి మూసినాక నవ్వినాను.

బావా, డిస్కు మంచిదే, కాదనను. కానీ నువ్వు పోయేది బెంగళూరు తారు రోడ్డు కాదు. రోళ్లపెంట అడవిలో ఆ బిళ్ల రాయికి తగిలి వంగిందనుకో, ఎవరు సాపు చేస్తారు? ఎలుగుబంటా? ప్యాడ్లు అరిగితే అవి కడపలో నాకే దొరకవు, దోర్నాలలో నీకెట్లా దొరుకుతాయి? అదే రబ్బరు బ్రేకయితే ఆత్మకూరులో పంచరు వేసేవాడి దగ్గర కూడా ఉంటుంది. అయిదు నిమిషాల పని. పైగా వెనక సామాను పెట్టే క్యారేజీకి ఆ డిస్కు అడ్డం వస్తుంది.

రెండు వేళ్లతో బ్రేకు పట్టడం సినిమా హీరోలకు. మనం అంగడి మనుషులం. దేవుడు నాలుగు వేళ్లిచ్చాడు, నాలుగూ వాడదాం.

ఫ్రేము లూధియానా నుంచి తెప్పిస్తున్నాను. రంగు ఏది కావాలో అక్కను అడిగి రాయి.

నీ బామ్మర్ది
నాగసుబ్బయ్య


నందికొట్కూరు
1 సెప్టెంబరు 2008

నాగసుబ్బయ్యా, క్షేమమే కదా.

మీ అక్క ఆకుపచ్చ అంటోంది. నీ మాటల్లో తప్పులేదు. అయినా నాకు డిస్కే కావాలి. శ్రీశైలం శిఖరం నుంచి దోర్నాల దాకా అంతా దిగుడే. అంతసేపు రిమ్మును రబ్బరు రాస్తే వేడెక్కి ట్యూబు పగలదా? ఇది నా వాదన. ఇంకొకటి వాదన కాదు, కోరిక. ఎడమ చేతి వైపు లివరు మెత్తగా ఉండాలి. ఎందుకని అడగొద్దు. వయసనుకో, సోమరితనమనుకో.

ఇక్కడ విశేషాలు ఏమున్నాయి? నిన్న ఉరుకుందు టీ అంగట్లో నిలబడి కందుల ధర గురించి వాదిస్తున్నాను. చేతిలో గ్లాసు సంగతే మరిచిపోయాను. ఉరుకుందు నా వైపు అదోలా చూసి, "ఏమప్పా శెట్టీ, అది చెయ్యా కట్టెనా? పొగలు కక్కతాండాది, నీకు కాల్తాలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత చూస్తే ఉంగరం వేలి పక్కన బొబ్బ లేచింది. మాటల్లో పడితే మనిషికి ఒళ్లు తెలీదు.

డిస్కు సంగతి ఇంకోసారి ఆలోచించు.

బావ


కడప
9 సెప్టెంబరు 2008

బావకు,

అందరం బాగున్నాం. మీరూ అంతే అనుకుంటాను.

తిమ్మన్న నిన్న అంగడికి వచ్చినాడు. అదే, కర్నూలు లారీ నడిపే తిమ్మన్న. వచ్చీ రాగానే, "ఏమన్నా, మీ బావ కర్నూల్లో కొత్త సైకిళ్ల అంగట్లో ఉండాడు. డిస్కు సైకిల్ ఎంతని బేరం చేస్తాండాడు. నువ్వు కట్టిస్తాండావని చెప్తివే?" అన్నాడు. బేరానికి వచ్చినవాళ్లు ఇద్దరు వింటున్నారు.

ముప్పై ఏళ్లుగా నేను బిగించిన బ్రేకు తెగి ఎవరూ పడలేదు. నీకోసం కొత్త బ్రేకులు నా సైకిల్‌కే బిగించి, గువ్వలచెరువు ఘాటులో రెండుసార్లు దిగి చూసుకున్నాను. యాభై కిలోల సిమెంటు మూట వెనక కట్టుకొని. లక్ష్మీదేవి పిచ్చి పట్టిందని తిట్టింది. ఇంత చేస్తుంటే నువ్వు ఇంకో అంగడి మెట్లెక్కావు. నా పని మీద నమ్మకం లేదని ఒక్క మాట రాసుంటే సరిపోయేది. ఎడమ చెయ్యి, మెత్తని లివరు అని ఏవేవో సాకులెందుకు?

కర్నూల్లోనే కొనుక్కో బావా. నాకేం కోపం లేదు.

నాగసుబ్బయ్య


నందికొట్కూరు
16 సెప్టెంబరు 2008

నాగసుబ్బయ్యా,

నీ ఉత్తరం మీ అక్కకు చూపించలేదు. చూపిస్తే నన్నే తిడుతుంది.

కర్నూలు అంగడికి పోయింది నిజమే. కొనడానికి కాదు, ఆ లివరు ఇంకోసారి పట్టి చూడటానికి పోయాను. ఎందుకో నీకు చెప్పాలని ఈ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను. చెప్పడానికి నాకే సరిగ్గా తెలీదు. వదిలేయ్.

నీ మాటే కానీయ్. రబ్బరు బ్రేకులే బిగించు. నీ పని మీద నాకు నమ్మకం లేకపోతే ఇంకెవరి మీద ఉంటుంది?

బావ


కడప
22 అక్టోబరు 2008

ప్రియమైన బావకు,

నీ సైకిల్ బయల్దేరింది. తిమ్మన్న లారీలో గోతాలు చుట్టి పంపుతున్నాను. ఆకుపచ్చే. దీపావళి ముందే అందుతుంది. నేను పోయిన ఉత్తరంలో నాలుగు మాటలు ఎక్కువ అన్నాను, మనసులో పెట్టుకోవద్దు. అంగడి మనిషికి అంగడే మానం.

జాగ్రత్తలు రాస్తాను, బాగా చదువు. కుడి చేతిది ముందు బ్రేకు, ఎడమ చేతిది వెనక బ్రేకు. దిగుడులో మొదట వెనక బ్రేకు పట్టు, తర్వాతే ముందుది. ముందుదాన్ని ఒక్కదాన్నే పట్టావో, చక్రం బిగుసుకొని మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపోతాడు. ఇది నీకు తెలియంది కాదు. వైరు, స్ప్రింగు కొత్తవి కదా, ఎడమ లివరు కొంచెం గట్టిగా ఉంటుంది. నాలుగు వేళ్లూ వేసి గట్టిగా పట్టు. వాడగా వాడగా అదే వదులవుతుంది.

కడపలో నీకోసం ఎదురుచూస్తుంటాం. లక్ష్మీదేవి ఓళిగలు చేస్తానంటోంది.

నీ బామ్మర్ది
నాగసుబ్బయ్య


నందికొట్కూరు
10 నవంబరు 2008

నాగసుబ్బయ్యా,

సైకిల్ ఎంత అందంగా ఉందో చెప్పలేను. వీధిలో అందరూ ఒకసారి బెల్లు కొట్టి పోతున్నారు. బొజ్జన్న అయితే, "శెట్టీ, పెండ్లికొడుకు గుర్రం మాదిరి ఉండాది" అన్నాడు. గేర్లు వెన్నలా పడుతున్నాయి. రోజూ పొద్దున మిడుతూరు దాకా పోయి వస్తున్నాను.

ఎడమ లివరు నువ్వు రాసినట్టే గట్టిగా ఉంది. నాలుగు వేళ్లూ వేస్తున్నాను. ఇంట్లో చపాతీ పిండి పిసికే పని నేనే తీసుకున్నాను. మీ అక్క, "ఏందీ కొత్త ముచ్చట?" అంటోంది. చేతికి బలమని చెప్పాను.

డిసెంబరు అయిదున బయల్దేరుతాను.

బావ


కడప
21 డిసెంబరు 2008

బావకు,

ఇప్పుడు నొప్పి ఎట్లా ఉంది? కర్నూలు ఆసుపత్రిలో నిన్ను చూసి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఉండిన రెండు రోజులూ నువ్వు మందు మత్తులోనే ఉన్నావు. మెడ కింది ఎముక అతుక్కుంటుందని, తలకు దెబ్బ లోతు లేదని డాక్టరు అన్నాడు. శ్రీశైలం దిగుడులో పడిన నిన్ను జీపువాళ్లు చూశారు కాబట్టి సరిపోయింది. ఆ మలుపులో ఇంకో నాలుగడుగులు పోయుంటే లోయ.

సైకిల్‌ను కడపకు తెచ్చుకున్నాను. ముందు చక్రం ఎనిమిది అంకె మాదిరి వంగిపోయింది. నిన్న అంగడి మూసి, తలుపులు వేసుకొని మొత్తం విప్పి చూశాను. నా పనిలో తప్పు ఉందేమోనని చూశాను బావా. ఉండాలనే అనుకున్నాను. అప్పుడు తప్పు ఎవరిదో తెలిసినట్టు ఉంటుంది కదా. వైర్లు తెగలేదు. నట్లు వదులు కాలేదు.

కానీ ఒకటి అర్థం కాలేదు. ముందు బ్రేకు రబ్బర్లు పూర్తిగా అరిగిపోయి ఇనుము తేలింది. వెనక బ్రేకు రబ్బర్లు నేను బిగించినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లే ఉన్నాయి. మీద గీత కూడా పడలేదు. అంత దిగుడూ వెనక బ్రేకు పట్టకుండా ఎందుకు దిగినావు? నేను రాసింది చదవలేదా? నా మీద కోపంతో పట్టలేదా? అక్కను అడిగితే ఏడుస్తుంది. నువ్వయినా చెప్పు.

నాగసుబ్బయ్య


నందికొట్కూరు
6 జనవరి 2009

చిరంజీవి నాగసుబ్బయ్యకు,

ఇంటికి వచ్చాం. భుజానికి పట్టీ ఉంది. కుడి చెయ్యి బాగుంది కాబట్టి రాయగలుగుతున్నాను. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు, చదివి కాల్చెయ్.

వెనక బ్రేకు నేను పట్టాను. పట్టాననే అనుకున్నాను. నాలుగు వేళ్లూ లివరు మీదే ఉన్నాయి, కళ్లతో చూసుకున్నాను. కానీ చివరి రెండు వేళ్లు నొక్కుతున్నాయో లేదో నాకు తెలియడం లేదు. సైకిల్ ఆగకపోతే కుడి చెయ్యి ఇంకా గట్టిగా పట్టాను. అంతే గుర్తుంది.

ఆసుపత్రిలో నువ్వు పోయిన మరుసటి రోజు, కట్టు మార్చే నర్సు విశ్వాసమ్మ నా ఎడమ అరచేతిలో పుండు చూసి, "ఇది ఎన్నాళ్ల నుంచి ఉండాది నాయనా? నొప్పి లేదా?" అంది. పుండు ఉన్న సంగతే నాకు తెలీదు. ఆమె చర్మం డాక్టరమ్మను పిలిపించింది. డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, "ఎన్నిసార్లు తాకుతానో లెక్క చెప్పండి" అంది. నేను ఒకసారి అన్నాను. పక్కన మీ అక్క ఏడుపు వినిపించి కళ్లు తెరిచాను. ఆమె ఏడుసార్లు తాకిందట. మోచేతి దగ్గర మచ్చ ఒకటి రెండేళ్లుగా ఉంది, అదీ చూసింది. తర్వాత పేరు చెప్పింది.

కుష్ఠు. మన ఇళ్లల్లో పెద్దరోగం అంటారు. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గిస్తారు.

ఒక ఏడాది మాత్రలు మింగాలి. ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. మొదలుపెట్టాక ఎవరికీ అంటుకోదని, ఒకే కంచంలో తినొచ్చని డాక్టరమ్మ మీ అక్కకు రెండుసార్లు చెప్పింది. రోగం పోతుంది. వేళ్లలో పోయిన స్పర్శ మాత్రం రాకపోవచ్చు. రెండేళ్ల ముందు వచ్చుంటే, అని ఆమె ఏదో అనబోయి ఆగింది.

నాకు ముందే తెలుసా అని అడుగుతావు. తెలుసని చెప్పలేను, తెలీదని చెప్పలేను. వేళ్లు మొద్దుబారినప్పటి నుంచి, పేరు లేనంత కాలం రోగం లేనట్టే అనుకున్నాను. నీకు చెప్పాలనుకున్నాను. బ్రేకు గురించి రాస్తే నువ్వే అర్థం చేసుకుంటావని ఆశపడ్డాను. అది నీకు ఎట్లా అర్థమవుతుంది? నీ తప్పు ఏమీ లేదు.

హిమబిందుకు చెప్పలేదు. లక్ష్మీదేవమ్మకు కూడా చెప్పొద్దు.

బావ


కడప
30 జనవరి 2009

వేణు బావకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చేశాను.

బెంగళూరు నుంచి డిస్కు బ్రేకుల సైకిల్ తెప్పించాను. తిమ్మన్న లారీలో రేపు వస్తుంది. రెండు చక్రాలకూ డిస్కులే. లివర్లు పొట్టివి, రెండు వేళ్లకు సరిపోయేవి. చూపుడు వేలు, నడిమి వేలు వేస్తే చాలు. ఇంకో ఏర్పాటు కూడా చేశాను. వెనక బ్రేకు లివరును కూడా కుడి వైపుకే మార్చే వీలు ఉంది. రెండు వైర్లు ఒకే లివరుకు కలిపే పరికరం డబ్బాలో పెట్టాను. ప్యాడ్లు నాలుగు జతలు వేరే పెట్టాను, పదేళ్లు చూసుకోనక్కర లేదు. బిళ్లకు నూనె తగలనివ్వొద్దు. నూనె తగిలితే బ్రేకు పట్టదు. చక్రం బిగించేటప్పుడు ఎట్లా కూర్చోబెట్టాలో కింద బొమ్మ వేశాను. పాత సైకిల్ విప్పేశాను, ఇక దాని గురించి ఆలోచించొద్దు.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. వ్యాపారం ఫరవాలేదు.

నాగసుబ్బయ్య


నందికొట్కూరు
12 ఫిబ్రవరి 2009

నాగసుబ్బయ్యా,

సైకిల్ చేరింది. అంగట్లో విత్తనాల మూటల పక్కన నిలబెట్టాను. చూసినవాళ్లంతా బాగుందంటున్నారు. నేనింకా చెయ్యి భుజం దాకా ఎత్తలేను. ఎక్కుతానో లేదో కూడా తెలీదు. లివరు మాత్రం రోజూ ఒకసారి పట్టి చూస్తాను. నిజమే, రెండు వేళ్లు చాలు. ఇది ఆగస్టులో వచ్చుంటే బాగుండేది అనుకోవడం కూడా మానేశాను.

నువ్వు రెండు పేజీలు బ్రేకుల గురించి రాశావు. నేనెట్లా ఉన్నానని అడగలేదు. మీ అక్క నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ నువ్వు అంగట్లో లేవని మీ పనివాడే చెప్పాడు. తిమ్మన్న లారీలో సైకిల్ వచ్చింది. అదే లారీలో నువ్వు వస్తావని మీ అక్క అన్నం ఎక్కువ వండింది.

లక్ష్మీదేవమ్మకు తెలిసిపోయి ఉంటుంది, ఆమె భయపడి నిన్ను పంపడం లేదనుకుంటున్నాను. ఆమెను ఏమీ అనొద్దు. పిల్లలున్న ఇల్లు, భయం ఉంటుంది. శివరాత్రికి రమ్మని మీ అక్క రాయమంది. రాయకుండానే రాశానని అబద్ధం చెప్పలేక రాస్తున్నాను. నీకు వీలుకాకపోతే ఫరవాలేదు.

బావ


కడప
27 ఫిబ్రవరి 2009

బావా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలీడం లేదు.

లక్ష్మీదేవికి నేనే చెప్పాను. నన్ను క్షమించు, ఒక్కడినే మోయలేకపోయాను. ఆమె భయపడలేదు. సంచిలో బట్టలు పెట్టుకొని, "పోదాం పద, వదిన ఒక్కతే యాడ చేసుకుంటాది?" అంది. నేనే అంగడి సాకు చెప్పాను. రోజూ అదే సాకు. మొన్న ఆమె, "నువ్వు మనిషివేనా? ఆయప్ప నీకేం చేసినాడు?" అని అడిగింది.

నీ ఉత్తరం అందినరోజు పాత సైకిల్ మళ్లీ విప్పాను. హ్యాండిల్ తొడుగులు కాల్చేశాను. తర్వాత చేతులు కిరసనాయిలుతో కడుక్కున్నాను, సబ్బుతో కడుక్కున్నాను, మళ్లీ కిరసనాయిలుతో కడుక్కున్నాను. ముప్పై ఏళ్లు గ్రీసులో నానిన చేతులు బావా, ఎప్పుడూ ఇంత కడగలేదు. డాక్టరమ్మ చెప్పింది నువ్వు రాశావు. ఇక్కడ తెలిసిన డాక్టరును కూడా అడిగాను, అదే చెప్పాడు. బుద్ధికి తెలుసు. చేతులకు తెలియడం లేదు.

శివరాత్రి మరుసటి రోజు నేను నందికొట్కూరు వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. బస్సు దిగి మీ వీధి దాకా నడిచాను. నువ్వు అంగడి ముందు కుర్చీలో కూర్చున్నావు. ఎడమ చేతి మీద తువ్వాలు కప్పుకున్నావు. చిక్కిపోయావు. చెరుకురసం బండి పక్కన నిలబడి చూశాను. ఇరవై అడుగులు కూడా లేవు. అయినా ముందుకు రాలేదు. "నాలుగు వేళ్లూ వేసి గట్టిగా పట్టు" అని రాసింది నేనే కదా, ఆ సిగ్గుతో రాలేదో, రోగం భయంతో రాలేదో, నాకే తెలీదు. సిగ్గే అని రాద్దామనుకున్నాను. అబద్ధమవుతుందేమో. కడప బస్సెక్కి వచ్చేశాను.

నువ్వు నన్ను తిట్టినా నాకు బాగుంటుంది.

నాగసుబ్బయ్య


నందికొట్కూరు
5 మార్చి 2009

నాగసుబ్బయ్యా,

ఆ రోజు నేను నిన్ను చూశాను.

నువ్వు వీధి మలుపు తిరుగుతున్నప్పుడే నడక గుర్తుపట్టాను. అప్పుడే తువ్వాలు తీసి చేతి మీద వేసుకున్నాను. పిలిస్తే వస్తావేమోనని భయం, రావేమోనని భయం. అందుకే చేతిలోని చీటీ చదువుతున్నట్టు తల వంచుకున్నాను. తల ఎత్తేసరికి నువ్వు లేవు. మీ అక్కకు చెప్పలేదు.

నిన్ను తిట్టడానికి నాకేం హక్కుంది? నా చెయ్యి నేనే మీ అక్క కంచంలో పెట్టడానికి నెలన్నర పట్టింది. మీ అక్క నిద్రపోయాక ఆమె వేళ్లు తాకి, వెంటనే తీసేసుకునేవాణ్ణి. అది కూడా సిగ్గో భయమో నాకు తెలీదు.

మళ్లీ రా. రెండో అట్ట మాత్రలు అయిపోయాయి, మూడోది మొదలుపెట్టాను. లోపలికి రాలేకపోతే రావద్దు. ఆ చెరుకురసం బండి దగ్గరే నిలబడు. ఈసారి నేనే లేచి వస్తాను.

బావ
వేణుగోపాల్